ఎర్రపూస ఎవరి చేతిలో?

ఎన్ని వానలు కురిసి వెలిశాయో చెప్పేవాళ్లెవరూ మిగలనంత కాలం కిందట, అనగనగా వల్లరిపురమని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని వకుళాదేవి అనే రాణి ఏలేది. తండ్రి ఉన్నట్టుండి కన్నుమూయడంతో, ఇంకా ఆటపాటల వయసు దాటకముందే ఆమె తల మీదికి కిరీటం వచ్చింది.

కిరీటంతో పాటు ఒక చిక్కూ వచ్చింది. కొలువులో అందరూ తీయగా మాట్లాడేవారే. అందరూ చేతులు కట్టుకుని "చిత్తం, దేవీ" అనేవారే. వాళ్లలో ఎవరిది మనసులోంచి వచ్చిన మాటో, ఎవరిది పెదవుల మీది మాటో ఆమెకు తెలిసేది కాదు.

ఆ కోటలో సేనాపతి కూతురు మందారిక ఉండేది. రాణికి చిన్ననాటి నేస్తం. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు, ఒకే ఉయ్యాలలో ఊగారు. వకుళాదేవి రాణి అయ్యాక కూడా, ఆమె మనసు తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని మందారిక నమ్మకం. అది ఆమెకు ఉన్న గర్వాలన్నిటిలోకీ పెద్ద గర్వం.

రెండో గర్వం ఎర్రపూస ఆట.

ఆ ఆట ఎలా ఉంటుందో చెబుతాను, వినండి. కోట తోటలో పదిపన్నెండు మంది చేరతారు. ఒక మట్టికుండలో అందరికీ సరిపడా పూసలు వేస్తారు. అన్నీ తెల్లవి, ఒక్కటి మాత్రం ఎర్రది. ఒక్కొక్కరూ చెయ్యి పెట్టి ఒక పూస తీసి, గుప్పిట మూసి, ఎవరికీ చూపకుండా కొంగుకు ముడివేసుకుంటారు. ఎర్రపూస వచ్చినవారే దొంగ.

తెల్లపూసవాళ్లకు తోటంతా పనులుంటాయి. గిలకబావిలో నీళ్లు తోడి మల్లెపాదుకు పోయాలి. ఏనుగుల సాలలో చెరుకుగడ వేయాలి. బురుజెక్కి దారం కట్టాలి. చిలకలకు గింజలు పెట్టాలి. అందరి పనులూ పూర్తయితే దొంగ ఓడినట్టు.

దొంగ కూడా పని చేస్తున్నట్టే తిరుగుతాడు. ఎవరూ చూడనప్పుడు ఒంటరిగా దొరికినవారి భుజం తడతాడు. తట్టించుకున్నవారు అక్కడే కూలబడి, తల మీద ముసుగు వేసుకుని, ఆట అయ్యేదాకా నోరు మెదపకూడదు. ముసుగు మనిషి ఎవరి కంటబడితే వారు "ముసుగో! ముసుగు!" అని కేక పెట్టాలి. అందరూ లతామండపానికి పరుగెత్తి రావాలి. దొంగ ఎవరో వాదించుకోవాలి. తలా ఒక గన్నేరుపువ్వు పట్టుకుని, అనుమానమున్నవారి పాదాల దగ్గర పెట్టాలి. ఎటూ తేల్చుకోలేనివారు మధ్యలో ఉన్న ఇత్తడి పళ్లెంలో పెట్టవచ్చు. ఎక్కువ పూలు పడ్డవారు ఆట వదిలి, కొంగుముడి విప్పి పూస చూపాలి.

ఆ ఆటలో మందారికను గెలిచినవారు లేరు. ఆమె మండపంలో నిలబడి వేలు చూపిందంటే, పువ్వులన్నీ ఆ వేలు చూపినవైపే పడేవి.

ఒక వసంతంలో రాణి ఇలా ప్రకటించింది.

"ఈ పండుగల్లో మూడుసార్లు ఎర్రపూస ఆట ఆడదాం. కల్లనూ నిజాన్నీ బాగా వేరుచేసి చూపినవారిని నా హితురాలిగా ఎంచుకుంటాను. ఇకమీదట కొలువులో ఆమె నా పక్కనే కూర్చుంటుంది. ఎవరు ఎలాంటివారో నాకు చెబుతుంది."

అందరి కళ్లూ మందారిక వైపు తిరిగాయి. మందారిక తల వంచుకుని నవ్వుకుంది. ఆ ఆసనం తనది కాక ఎవరిదవుతుంది?

సరిగ్గా అప్పుడే రేవుపట్నం నుంచి ఒక ఓడ వర్తకుడు రాణిని చూడవచ్చాడు. అతడి వెంట కూతురు తరళ వచ్చింది. తండ్రితో దీవులన్నీ తిరిగిన పిల్ల. ఎండకు కమిలిన ముఖం, నెమ్మదైన నడక, తొందరలేని మాట.

రాణి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం కబుర్లు అడిగింది. ఓడలో కోతి వంటవాడి తలపాగా ఎత్తుకుపోయి తెరచాప కొయ్యకు చుట్టిన ముచ్చట తరళ చెప్పింది. రాణి పకపకా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేంతగా నవ్వింది.

మందారిక గుండెలో ఏదో కలుక్కుమంది.

తండ్రి పోయిన నాటి నుంచి వకుళ అలా నవ్వలేదు. ఆ నవ్వు రప్పించాలని తను ఎన్ని పాటలు పాడింది! ఎన్ని వేషాలు వేసింది! నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఒక్క కోతి కథతో ఆ నవ్వు పట్టుకుపోయింది.

"నువ్వూ మా ఆటలో చేరు, తరళా," అంది రాణి.

"నాకు రాదు, దేవీ. నేర్చుకుంటాను," అంది తరళ. మందారిక వైపు తిరిగి చనువుగా, "నేర్పుతావా, అక్కా?" అని అడిగింది.

"చూసి నేర్చుకో," అంది మందారిక. ఆ 'అక్కా' అన్న పిలుపు ఆమెకు చెవిలో ఇసుక పడ్డట్టనిపించింది.

మొదటి ఆట మొదలైంది. రాణి మండపంలో కూర్చుని చూస్తోంది. మందారికకు తెల్లపూస వచ్చింది.

మామూలుగా అయితే మందారిక ఎలా ఆడేదో తెలుసా? పని చేస్తూనే నలుగురి మీదా ఒక కన్ను వేసి ఉంచేది. ఎవరు ఎవరి వెనక నడుస్తున్నారు, ఎవరి చేతులు తడిగా ఉన్నాయి, ఎవరు వట్టి చేతులతో తిరిగి వస్తున్నారు, అన్నీ చూసేది. ఆ రోజు మాత్రం ఆమెకు ఒక్కరే కనిపించారు. తరళ బావి దగ్గరికి వెళితే ఆమె చూపు బావి దగ్గరికి వెళ్లింది. తరళ చెరుకుతోటలోకి మళ్లితే ఆమె చూపు చెరుకుతోటలోకి మళ్లింది. సంగీతం గురువుగారి కూతురు కలకంఠి భుజం రాసుకుంటూ పక్కనుంచి వెళ్లినా మందారిక తల తిప్పలేదు.

ఏనుగుల సాల మలుపులో తరళ కాసేపు కనబడకుండా పోయింది. అంతలోనే కేక వినబడింది.

"ముసుగో! ముసుగు!"

మంత్రి కొడుకు కుముదుడు సాల వాకిట్లో ముసుగు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఏనుగుకు వేయవలసిన చెరుకుగడ సగం అతడి పొట్టలోకే పోయినట్టుంది. మిగతా సగం ఇంకా చేతిలోనే ఉంది.

అందరూ మండపంలో చేరారు. ఎవరూ నోరు విప్పకముందే మందారిక లేచింది.

"ఇంకెవరు? తరళే! సాల వైపు వెళ్లడం నేను కళ్లారా చూశాను."

"వెళ్లాను," అంది తరళ. "బురుజుకు దారి అటే కదా. వెళ్లి దారం కట్టి వచ్చాను. కావాలంటే చూసి రండి."

"దారం కట్టడానికి ఎంతసేపు! కట్టిన చేత్తోనే కుముదుడి భుజం తట్టి ఉంటావు. మాట ఎంత నెమ్మదిగా ఉందో చూశారా? దొంగ మాటలు ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటాయి!"

మొదటి మాట ఎవరు గట్టిగా అంటే జనం వారి వెంట పోతారు. ఎవరూ బురుజు దాకా వెళ్లి చూడలేదు. పువ్వులన్నీ తరళ పాదాల దగ్గర రాలాయి. తరళ మారుమాట లేకుండా కొంగుముడి విప్పింది.

తెల్లపూస.

మండపం గుసగుసలాడింది. ఆట సాగింది. తరువాత ఒక్కొక్కరే ముసుగులయ్యారు. చివరికి మందారిక భుజం మీద కూడా ఒక మెత్తని చెయ్యి పడింది. తిరిగి చూస్తే కలకంఠి! ఆమె గుప్పిట్లో ఎర్రపూస నిప్పుకణికలా మెరుస్తోంది.

"ఎంత బాగా దాక్కున్నావే!" అని అందరూ కలకంఠిని మెచ్చుకున్నారు.

కలకంఠి నవ్వింది. "నేను దాక్కోవలసిన పనే రాలేదు. అందరి కళ్లూ తరళ మీదికి మందారికే తిప్పింది. నేను చక్కగా తోటంతా తిరిగాను."

రాణి కూడా నవ్వింది. మందారికకు ఆ నవ్వు సూదిలా గుచ్చుకుంది.

రెండో ఆట రోజున మట్టికుండలో చెయ్యి పెట్టిన మందారిక గుప్పిట తెరిచి చూసుకుంది. ఎర్రపూస! ఆమె మనసు గంతులేసింది. ఇవాళ చూపిస్తాను, అనుకుంది.

నిజానికి దొంగగా ఆడటంలో ఆమె నేర్పు అంతా ఇంతా కాదు. చేతకాని దొంగ పొదల చాటున నక్కి నక్కి తిరుగుతాడు. మందారిక నలుగురి నడుమా నడుస్తుంది. చేతకాని దొంగ వట్టి చేతులతో తిరుగుతాడు. మందారిక కుండ నింపుతుంది, గింజలు పెడుతుంది, "నా పని అయిపోవచ్చింది, నీదో?" అని పలకరిస్తుంది. చేతకాని దొంగ మండపంలో అందరికంటే ముందు ఎవరి మీదో నింద వేస్తాడు. మందారిక మాత్రం నింద పడ్డవారి పక్షాన మాట్లాడుతుంది. "పాపం, తొందరపడకండి," అంటుంది. అలాంటి మనిషిని దొంగ అని ఎవరు అనుకుంటారు?

అలా చడీచప్పుడు లేకుండా కొందరిని ముసుగుల్లోకి పంపింది. రెండుసార్లు మండపంలో అందరూ చేరారు. రెండుసార్లూ ఆమె మీద ఒక్క పువ్వు కూడా పడలేదు. తరళ మాత్రం ఆ రెండుసార్లూ, "నేను చూసింది చాలదు. ఇంకా తేల్చుకోలేను," అని తన పువ్వు పళ్లెంలో పెట్టింది.

ఇంకా ఇద్దరు ముగ్గురిని తడితే గెలుపే. బావి గట్టు మీద ఒక పిల్ల ఒక్కతే కూర్చుని కాలిలో ముల్లు తీసుకుంటోంది. చెయ్యి చాపితే అందేంత దూరం. మందారిక కుండ నింపుతూ ఒక అడుగు అటు వేయబోయింది.

అప్పుడే చిలకల పందిరి వైపు పోతూ తరళ కనిపించింది.

ఇక బావి గట్టు మీది పిల్ల ఆమె కళ్లకు ఆనలేదు. 'తరళ నా చేతనే ముసుగు వేసుకోవాలి. నా చేతనే! అది రాణి చూడాలి,' అని ఆమె ఒళ్లంతా ఒకటే ఆరాటం. సగం నిండిన కుండను గట్టు మీదే వదిలేసింది. అడ్డదారిన పడి, కొంగు ముళ్లకు తగిలి చిరుగుతున్నా లెక్కచేయకుండా, చిలకల పందిరి చేరింది. తరళ వీపు ఎదురుగా ఉంది. చెయ్యి చాపింది.

"ఎవరది? మందారికా?"

పందిరి గుంజ చాటునుంచి కలకంఠి తొంగిచూసింది. ఆమె చేతిలో గింజల చేట ఉంది. తరళా కలకంఠీ ఆ రోజు పొద్దున్నుంచీ జంటగానే తిరుగుతున్నారు. ఒకరి పని ఇంకొకరు చూస్తే, ఇద్దరికీ సాక్ష్యం ఉంటుందని అనుకున్నారట.

మందారిక చాపిన చేతిని చటుక్కున తిప్పి చిలకను దువ్వింది. చిలక కీచుమని వేలు కొరికింది.

తరువాతి ముసుగు కేక వినిపించి అందరూ మండపం చేరేసరికి, తరళ ఈసారి లేచి నిలబడింది.

"నేను ఎవరినీ దొంగ అనను. చూసినవి రెండే చెబుతాను. అక్క కుండ సగం నిండి బావి గట్టు మీద ఉంది. అక్క చిరిగిన కొంగుతో చిలకల పందిరి దగ్గరికి వచ్చింది. సగం పని వదిలేసి, మంచి దారి వదిలేసి, ముళ్లదారిన నా వెనక ఎందుకు వచ్చిందో అక్కే చెప్పాలి."

మందారిక నోరు తెరిచింది. ఏం చెప్పగలదు? దొంగతనం దాచే అబద్ధాలు ఆమెకు నూరు తెలుసు. అసూయను దాచే అబద్ధం ఒక్కటీ తోచలేదు. పువ్వులు జలజలా ఆమె పాదాల మీద రాలాయి.

రాణి తన జడలోని మల్లెచెండు తీసి తరళ జడలో తురిమింది.

ఆ సాయంత్రం మందారిక అన్నం ముద్ద కలిపి కలిపి కంచంలోనే వదిలేసింది. తండ్రి చూశాడు. పక్కన కూర్చుని అడిగాడు.

"నువ్వు ఓడిపోయినందుకా తల్లీ బాధ, ఆ పిల్ల గెలిచినందుకా?"

"రెండూ ఒకటే కదా, నాన్నగారూ!"

"కాదమ్మా. మొదటిది అయితే ఇంకొంచెం బాగా ఆడితే తగ్గుతుంది. రెండోది నువ్వు గెలిచినా తగ్గదు."

మందారిక విసురుగా లేచి వెళ్లిపోయింది. పక్క మీద వాలి, 'రేపు నా కళ్లు తరళను ఒక్క క్షణం కూడా వదలవు,' అని ఒట్టు పెట్టుకుంది.

మూడో ఆట పొద్దెక్కగానే మొదలైంది. ఈసారి రాణి కూడా నడుం బిగించింది. "నేనూ ఆడతాను. కుండ ఇటు తెండి," అంది. అందరూ సంబరంగా చప్పట్లు కొట్టారు.

మందారికకు తెల్లపూస వచ్చింది. ఆమె తన పనులన్నీ గాలికి వదిలేసింది. తరళ బురుజు మెట్లెక్కితే తను ఉయ్యాలమండపం మెట్లెక్కి, అక్కడినుంచి కనిపెట్టి చూసింది. తరళ బురుజు మీద దారం కడుతోంది. గాలికి దారం జారిపోతే మళ్లీ కడుతోంది. 'ఇంతసేపు దారం కడతారా ఎవరైనా! నటన!' అనుకుంది మందారిక.

ఆ మెట్ల మీదినుంచే కింద గిలకబావి కూడా కనిపించింది. బావి దగ్గర రాణి ఉంది. గిలక మీది తాడు పట్టుకుని కదిపింది. కానీ బొక్కెన కిందికి దిగలేదు. తాడు ఎండుగడ్డిలా పొడిగానే ఉంది. రాణి కుండ ఎత్తి మల్లెపాదు మీద వంచింది. మట్టి తడవలేదు. 'పాపం, రాణికి నీళ్లు తోడటం ఎప్పుడు అలవాటు!' అనుకుని మందారిక చూపు మళ్లీ బురుజు మీదికి తిప్పేసింది.

తోటలో ఒక్కొక్కరే ముసుగులయ్యారు. ఇద్దరిని తెల్లపూసవాళ్లే తొందరపడి ఆటలోంచి పంపేశారు. ఎండ నడినెత్తికి వచ్చేవేళకు కుముదుడి కేక వినిపించింది.

"ముసుగో! ముసుగు! అయ్యో, కలకంఠి!"

బావి గట్టున కలకంఠి ముసుగు వేసుకుని కూర్చుని ఉంది.

ఇక మిగిలింది నలుగురే. రాణి, మందారిక, తరళ, కుముదుడు. ఈసారి తప్పు మనిషిని పంపితే దొంగకు అడ్డే ఉండదు. ఓడినవాళ్లంతా మండపం చుట్టూ చేరి చూస్తున్నారు.

"చెప్పు మందారికా," అంది రాణి. "దొంగ ఎవరు?"

మందారిక నాలుక చివర ఆ పేరు పొద్దున్నుంచీ సిద్ధంగానే ఉంది.

"తరళ."

కుముదుడు తల ఊపి, పువ్వు తీసుకుని తరళ వైపు ఒక అడుగు వేశాడు.

తరళ ముఖం పాలిపోయింది. అయినా మందారిక వైపే తిరిగింది.

"అక్కా, పొద్దున్నుంచీ నీ అందెల చప్పుడు నా వెనకే వినిపిస్తోంది. నేను ఎక్కడున్నానో ఈ తోటలో అందరికంటే నీకే బాగా తెలుసు. నాకు వేరే సాక్షి లేరు. నా గురించి నువ్వు ఏమనుకుంటున్నావో చెప్పకపోయినా ఫరవాలేదు. ఏం చూశావో చెప్పు. అది చాలు."

కుముదుడు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

మందారిక ఉలిక్కిపడింది. తను ఇన్ని రోజులూ ఈ పిల్లను పట్టుకోవాలని వెంటాడింది. ఆ వెంటాడటం వల్లే, ఈ పిల్ల తప్పు చేయలేదని చెప్పగలిగిన మనిషి లోకంలో తనొక్కతే అయ్యింది!

చూడలేదని అంటే సరిపోతుంది. ఒక్క మాట. పువ్వు తరళ పాదాల దగ్గర పడుతుంది. ఆసనం ఆమెకు దక్కదు. రాణి ఆమె వైపు చూసి నవ్వదు. ఇంత తేలికైన గెలుపు మందారికకు ఎన్నడూ దొరకలేదు.

కానీ ఆ మాట అనబోయి ఆగింది. అబద్ధం ఆడితే దొంగదే గెలుపు. దొంగను గెలిపించింది తనే అవుతుంది. మొదటి ఆటలోనూ అదే జరిగింది. అప్పుడు తెలియక చేసింది. ఇప్పుడు తెలిసీ చేస్తుందా?

"తరళ బురుజు మీద ఉంది," అంది మందారిక. ప్రతి మాటా ముల్లు పెరికినట్టు వచ్చింది. "దారం జారిపోతే మళ్లీ మళ్లీ కట్టింది. నేను కన్నార్పకుండా చూశాను. కలకంఠి ముసుగు వేసుకున్న చోటికి ఆమె రానేలేదు. తరళ దొంగ కాదు."

ఆ మాట బయటికి వచ్చేసరికి ఆమె కళ్ల ముందు తెర తొలగినట్టయింది. ఇంతసేపూ తరళ వెనక మరుగునపడి ఉన్నవన్నీ ఒక్కసారి కనిపించాయి. కదిలినా కిందికి దిగని బొక్కెన. పొడి తాడు. తడవని మట్టి.

మందారిక రాణి వైపు తిరిగింది.

"దేవీ, మీరు నీళ్లు పోసిన మల్లెపాదు పొడిగా ఉంది. మీరు లాగిన తాడు పొడిగా ఉంది. మీరు నీళ్లు తోడలేదు, తోడినట్టు చూపించారు. కలకంఠి ఆ బావి దగ్గరే ముసుగైంది."

"ఏమిటీ!" కుముదుడు గుండె పట్టుకున్నాడు. "రాణిగారినే దొంగ అంటావా? నీకు మతి పోయిందా?"

రాణి ముఖంలో నవ్వు లేదు. కోపమూ లేదు. "మందారికా, ఆలోచించుకునే అంటున్నావా?" అని మాత్రం అడిగింది.

మందారిక తన పువ్వు తీసుకుపోయి రాణి పాదాల దగ్గర పెట్టింది. తరళ ఆమె వెనకే వచ్చి తన పువ్వు కూడా పెట్టింది.

కుముదుడు పువ్వు చేతిలో తిప్పుతూ చెమటలు కక్కాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి, "రాణిగారి పాదాల దగ్గర పువ్వు పెడితే తప్పేముందిలే! చూసినవాళ్లు భక్తి అనుకుంటారు," అని గొణుక్కుంటూ తనదీ పెట్టేశాడు.

రాణి కొంగుముడి విప్పింది. ఎర్రపూస!

తోటంతా కేరింతలు మారుమోగాయి. ముసుగులన్నీ గాలిలోకి ఎగిరాయి. రాణి తన పాదాల దగ్గరి పువ్వులు ఏరుకుని లేచి నిలబడింది. సందడి సద్దుమణిగింది.

"తరళా, నువ్వు మూడు ఆటల్లోనూ చూడనిది చెప్పలేదు. తెలియనప్పుడు తెలియదన్నావు. నింద పడ్డప్పుడు ఎదుటివారిని నిందించకుండా, నిజం ఎవరి దగ్గర ఉందో వారినే అడిగావు. ఆసనం నీది."

తరువాత మందారిక వైపు చూసింది. ఆ చూపులో చిన్ననాటి చనువు ఉంది.

"మందారికా, నీ కళ్లకు సాటి వచ్చే కళ్లు ఈ కోటలో లేవు. నన్ను పట్టుకున్నది నువ్వే. కానీ నన్ను బావి దగ్గర చూసినప్పుడే పట్టుకోవలసింది. అందరికంటే ముందు తరళ పేరు చెప్పావు. అడిగితే తప్ప నిజం చెప్పలేదు. నేను అడిగినప్పుడల్లా పక్కన తరళ ఉండి నీ చేత నిజం చెప్పించదు కదా!"

మందారిక తల వంచుకుంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఒక్క మాట కూడా తప్పని అనలేకపోయింది.

అందరూ వెళ్లాక ఆమె తరళ దగ్గరికి నడిచింది.

"నేను అబద్ధం చెబుతానని నీకు అనిపించలేదా?"

"అనిపించింది, అక్కా," అంది తరళ ఉన్నది ఉన్నట్టు. "చాలా భయమేసింది. కానీ నన్ను చూసినదానివి నువ్వొక్కతెవే. నిన్ను నమ్మక ఏం చేయను?"

ఆ జవాబుకు మందారికకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. 'అక్కా' అన్న పిలుపులోని ఇసుక ఆ రోజు అంతగా గుచ్చుకోలేదు.

మరి ఆమె అసూయ ఆ రోజుతో పోయిందా అంటే, పోలేదు. కొలువులో తరళ రాణి పక్కన కూర్చున్నప్పుడల్లా లోపల కలుక్కుమంటూనే ఉండేది. రాణి తరళ చెవిలో ఏదో చెప్పి నవ్వినప్పుడల్లా ముద్ద గొంతు దిగేది కాదు. కానీ మందారిక ఒకటి నేర్చుకుంది. లోపల కలుక్కుమన్నప్పుడల్లా తరళ మీదినుంచి చూపు పట్టి లాగి, సభనంతా ఒకసారి కలయజూసేది.

అలా కలయజూస్తున్న ఒకనాడు, పొరుగురాజు పంపిన రాయబారి రాణిని ఆకాశానికి ఎత్తేస్తూ మాట్లాడుతున్నాడు. సభంతా అతడి మాటల్లో మునిగిపోయింది. మందారిక ఒక్కతే అతడి వెనక నిలబడ్డ సేవకుణ్ణి చూసింది. ఆ సేవకుడి కళ్లు రాణి వైపు లేవు. కోట తలుపుల గడియలు ఎక్కడున్నాయో, కావలివాళ్లు ఎటువైపు నిలబడతారో వెతుకుతున్నాయి. మందారిక నడిచి వెళ్లి ఆ సంగతి తరళ చెవిన వేసింది. తరళ రాణికి చెప్పింది. రాణి కావలినీ గడియలనూ మార్పించింది. కొన్నాళ్లకు పొరుగుసేన చాటుగా వచ్చి, గడియలు మారిన తలుపుల ముందు నిలబడి, వచ్చిన దారినే తిరిగిపోయింది.

వల్లరిపురం నిలిచింది. తరళ ఆసనంలోనే ఉంది. మందారిక తన చోటులోనే ఉంది. "ఈసారి మనల్ని కాపాడినవి నీ కళ్లే, అక్కా," అని తరళ నిండుసభలో అన్నప్పుడు, రాణి కంటే ముందు చప్పట్లు కొట్టింది మందారిక తండ్రి.

అందుకే పిల్లలూ, అసూయపడే కళ్లకు ఒక్క మనిషే కనిపిస్తాడు, ఆ సందులో అసలు దొంగ తప్పించుకుపోతాడు. గిట్టనివారి గురించైనా చూసింది చూసినట్టు చెప్పగలిగినవారికే నిజం దొరుకుతుంది.